నీళ్ళెంత దూరం?

పోయిన వేసవిలో మేం ఇల్లు మారాల్సి వచ్చింది. విద్యానగర్‌లో ఆరేళ్ళుగా అద్దెకుంటున్న ఇంటిని అమ్మేస్తున్నానని ఓనరు మూడు నెలల గడువిచ్చాడు. పాప ఒకటో తరగతిలో చేరాల్సిన ఏడాది. నేను కోఠీ వైపు ఒక కాలేజీలో సాహిత్యం చెబుతాను. నా సహచరుడి ఆఫీసు రాయదుర్గంలో. నగరానికి ఈ కొసన ఒకరం, ఆ కొసన ఒకరం.

ఒక ఆదివారం పొద్దున అతను లాప్‌టాప్‌లో ఒక పట్టిక వేశాడు. ఎడమ పక్కన ఏరియాల పేర్లు: నల్లగండ్ల, కొండాపూర్, మియాపూర్, సంజీవరెడ్డి నగర్, తార్నాక. పైన గళ్ళలో ఆఫీసు దూరం, స్కూలు, సౌకర్యాలు, అద్దె. ఒక్కో గడికి ఇన్ని మార్కులని. ఆఫీసు దూరానికి 40, స్కూలుకి 30, సౌకర్యాలకి 20, అద్దెకి 10. చాలా శ్రద్ధగా చేశాడు. ప్రేమగానే చేశాడు. నాకు చూపిస్తూ "ఇంకేమైనా మర్చిపోయానా?" అని అడిగాడు.

"ఇది ఎవరి ఆఫీసు?" అన్నాను.

అతను నిజంగానే కంగారుపడ్డాడు. "నీకు వారానికి నాలుగు రోజులే కదా, అదీ పదింటికి కదా..." అని ఏదో అనబోయి ఆగిపోయి, ఇంకో గడి చేర్చాడు. దానికి 15 మార్కులిచ్చాడు. ఆ 15 ఎక్కడి నుంచి వచ్చాయో, ఎందుకు 15 అయ్యాయో ఇద్దరం మాట్లాడుకోలేదు. మా జీతాల నిష్పత్తి చూస్తే 15 కూడా ఎక్కువేనని నా లోపల ఒక గొంతు అంది. నా పిహెచ్.డి. అంశం తెలుగు స్త్రీల కథల్లో ఇల్లు. ఇల్లు అలుకుతూ అలుకుతూ సొంత పేరే మర్చిపోయిన పి. సత్యవతి గారి గృహిణి గురించి ఒక అధ్యాయమంతా రాసినదాన్ని. మా ఇంటి భోజనాల బల్ల దగ్గర మాత్రం 15 మార్కులు తీసుకుని ఊరుకున్నాను.

అమెరికన్ పరిశోధకురాలు డొలొరెస్ హేడెన్ స్త్రీల పట్ల వివక్ష లేని నగరం ఎలా ఉంటుందని అడుగుతూ 1980లో ఒక వ్యాసం రాసింది. ఊరి చివర విడివిడిగా కట్టిన ఇళ్ళు, దూరంగా ఉద్యోగాలు, ఎక్కడికి వెళ్ళాలన్నా కారు... ఈ ఏర్పాటంతా ఇంట్లో జీతం లేని ఒక స్త్రీ పగలంతా ఉంటుందనే నమ్మకం మీద కట్టిందని ఆమె వాదన. మన నగరాల శివార్లలో లేస్తున్న అపార్టుమెంట్లని చూసినప్పుడు ఈ మాట గుర్తొస్తుంది. కాకపోతే మన దగ్గర ఆ స్త్రీ ఇంట్లో ఉండటమే కాదు, ఉద్యోగానికీ వెళ్ళి వస్తుంది. 2019లో జరిగిన జాతీయ కాల వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసేవాళ్ళలో స్త్రీలు రోజుకి సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు దానికి పెడుతున్నారని తేలింది. ప్రయాణానికి పోయే గంటన్నర ఇద్దరికీ ఒకటే గంటన్నర కాదు. అతను ఆ గంటన్నర విశ్రాంతిలోంచి తీస్తాడు. నేను దేనిలోంచి తియ్యాలి?

ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేశాను. నాన్న ప్రభుత్వోద్యోగి. నల్గొండ జిల్లాలో ఆయన ట్రాన్స్‌ఫర్ల వెంట అమ్మ తొమ్మిది ఇళ్ళు మారింది. ఏ ఊళ్ళో ఏ ఇల్లన్నది ఒక్కసారి కూడా ఆమె ఎంచుకోలేదు. నాన్న ముందు వెళ్ళి, చూసి, మాట్లాడుకుని వచ్చేవాడు. వచ్చి గాలి వస్తుందనీ, ఆఫీసు దగ్గరనీ, ఓనరు మంచివాడనీ చెబుతుంటే అమ్మ అన్నీ విని చివరికి ఒకటే అడిగేది.

"నీళ్ళెంత దూరం?"

నల్గొండ నీళ్ళ సంగతి తెలిసినవాళ్ళకి ఆ ప్రశ్న బరువు తెలుస్తుంది. బోరు ఇంటి ముందే ఉండొచ్చు. ఆ నీళ్ళలో ఫ్లోరైడ్ ఉంటే తాగడానికి పనికిరావు. మంచినీళ్ళ బావి ఇంకెక్కడో ఉంటుంది. నాన్నకి ఎప్పుడూ ఆ దూరం గుర్తుండేది కాదు. "దగ్గరే" అనేవాడు. మోసేది ఆయన కాదు కదా! ఇప్పుడు ఫోన్లో నేను పట్టిక గురించి చెబితే అమ్మ నవ్వి, "ఎవరు మోస్తరో వాళ్ళే కొలవాలె బిడ్డా, కూసున్నోళ్ళకు అన్నీ దగ్గర్నే ఉంటయి" అంది.

అయినా మార్కుల లెక్కలో నల్లగండ్ల వైపు ఒక గేటెడ్ కమ్యూనిటీ మొదటి స్థానంలో వచ్చింది. వెళ్ళి చూశాం. నిజం చెప్పాలంటే నాకూ నచ్చింది. పన్నెండో అంతస్తు. బాల్కనీలోంచి చెరువు. స్కూలు బస్సు గేటు లోపలికే వస్తుంది. ఈత కొలను, లైబ్రరీ, పిల్లలు సైకిళ్ళు తొక్కుకునే దారి. పాప అప్పుడే ఊయల ఎక్కేసింది. అతనికి ఆఫీసు ఇరవై నిమిషాలు. నాకు మాత్రం షేర్ ఆటోలో రాయదుర్గం వచ్చి, మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో రైలు మారి, ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్లో దిగి... పోయేటప్పుడు గంటన్నర, వచ్చేటప్పుడు గంటన్నర. "మెట్రోలో చదువుకోవచ్చు కదా" అన్నాడతను. సాయంత్రం అయిదింటికి అమీర్‌పేటలో రైలు మారిన వాళ్ళెవరూ ఆ మాట అనరు.

ఫ్లాటు ఓనరు పెద్దమనిషి. కాఫీ ఇచ్చారు. పాపకి బిస్కెట్లిచ్చారు. మేమేం చదివామో అడిగి చాలా సంతోషించారు. అప్పుడు అడిగారు, ఎంతో మామూలుగా:

"మీరేమిట్లండీ?"

నేను చెప్పాను.

ఇది నేను సిగ్గుపడుతూ రాస్తున్న వాక్యం. నా పేరు చివర కులం తోక లేదు. కాలేజీ రోజుల్లోనే తీసేశాను. మూడేళ్ళుగా బి.ఎ. పిల్లలకి దళిత సాహిత్యం చెబుతున్నాను. అంబేడ్కర్ విదేశాల్లో చదువుకుని 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వచ్చినప్పుడు ఉండటానికి చోటు దొరక్క, పార్సీల సత్రంలో పార్సీ పేరుతో దిగాడు. కొన్నాళ్ళకి కర్రలు పట్టుకొచ్చిన మనుషులు ఆయన్ని వెళ్ళగొట్టారు. తను రాసుకున్న ఆ ఘట్టాన్ని క్లాసులో చెప్పేటప్పుడు నా గొంతు వణుకుతుంది. కానీ ఆ సోఫాలో, చేతిలో కాఫీ కప్పుతో, ఆ ప్రశ్నకి నేను జవాబు చెప్పడానికి ఒక్క క్షణం కూడా పట్టలేదు. ఆయన మొహం విప్పారింది. "ఇక్కడంతా మంచివాళ్ళేనమ్మా" అన్నారు. పాతిక వేలు అడ్వాన్సు ఇచ్చి వచ్చాం.

సోమవారం స్టాఫ్‌రూమ్‌లో ఆ ఇంటి గురించి చెబుతున్నాను. చరిత్ర చెప్పే నా సహోద్యోగి టిఫిన్ బాక్సు మూత పెడుతూ, "చెరువు వైపు బాల్కనీ, పన్నెండో అంతస్తు, అదేనా?" అని అడిగింది. ఆమె భర్త కూడా అటువైపే పనిచేస్తాడు. మాకంటే రెండు వారాల ముందు వాళ్ళూ అదే ఫ్లాటు చూశారు. ఫోన్లో మాట్లాడినప్పుడు ఖాళీగా ఉందన్నారు. వెళ్ళాక ఆమె పేరు అడిగారు. మర్నాడు ఫోన్ చేస్తే "నిన్నే ఒకళ్ళు అడ్వాన్సు ఇచ్చేశారమ్మా" అన్నారట. బరోడాలోలాగా ఎవరూ కర్రలు పట్టుకుని రాలేదు. గొంతు కూడా పెంచలేదు. ఆమె ఇప్పుడు టోలిచౌకిలో ఉంటుంది. "వీళ్ళంతా వాళ్ళ ఏరియాల్లోనే గుంపుగా ఉంటారు అని మీవాళ్ళు అంటుంటారు కదా, మేం ఎక్కడెక్కడ అడిగి వచ్చామో ఆ లిస్టు ఎవరికీ తెలీదు" అంది. కోపంగా అనలేదు. రైలు టైము చెప్పినట్టు చెప్పింది.

ఆ సాయంత్రం ఓనరుకి ఫోన్ చేసి నేరుగానే అడిగాను. ఆయన తడబడలేదు. "నాకేం లేదమ్మా, మిగతా ఫ్లాట్లవాళ్ళు ఒప్పుకోరు. తిండి అలవాట్లు, అవీ ఇవీ... మీకు తెలియందేముంది!" అన్నారు. ఆ చివరి మాటతో ఆయన నన్ను తన పక్కన కూర్చోబెట్టుకున్నారు. నేను ఆదివారమే అక్కడ కూర్చున్నాను కాబట్టి ఆయన్ని ఎలా తప్పుపట్టను?

అడ్వాన్సు వెనక్కి తీసుకుందామని అన్నాను. నా సహచరుడు చెడ్డవాడు కాదు. అతనికీ బాధ కలిగింది. కానీ అతను అడిగింది న్యాయమైన ప్రశ్నే. "మనం వదిలేస్తే ఆమెకిస్తారా? ఇంకెవరో మనలాంటివాళ్ళకే ఇస్తారు. ఆమెకి పైసా లాభం లేదు. పాపకి మంచి స్కూలు, నాకు రోజుకి రెండు గంటలు పోతాయి. ఎవరికీ ఉపయోగపడని త్యాగం ఎందుకు?" అని.

రెండు రాత్రులు ఈ ప్రశ్నతో నిద్రపట్టలేదు. దీనికి తోడు నా లోపల ఇంకో ప్రశ్న మొదలైంది. అది అతను అడగలేదు, నేనే అడుక్కున్నాను. ఆ ఇల్లు వద్దనడంలో నా ధర్మాగ్రహం ఎంత, నా గంటన్నర ఎంత? ఇదే అన్యాయం నా కాలేజీ పక్క వీధిలో జరిగి, ఆ ఇల్లు నాకు పది నిమిషాల నడకలో ఉండుంటే, ఇంత గట్టిగా వద్దనేదాన్నా? నా సహోద్యోగికి జరిగిన అవమానాన్ని నా ప్రయాణం తగ్గించుకోవడానికి వాడుకుంటున్నానా? 15 మార్కుల దగ్గర నోరెత్తి అడగలేకపోయినదాన్ని, ఇప్పుడు ఇంకొకరి గాయాన్ని ముందు పెట్టుకుని నా మాట నెగ్గించుకుంటున్నానా?

మూడో రోజు ఒకటి తోచింది. ఒక పనికి రెండు కారణాలుండొచ్చు. అందులో మన సుఖం కూడా ఉన్నంత మాత్రాన రెండో కారణం అబద్ధం అయిపోదు. అలా అయిపోతుందని నాకు నేర్పిందెవరు? నీకు నొప్పి కలిగితేనే అది త్యాగం, త్యాగమైతేనే అది ధర్మం అని ఆడపిల్లలకి చిన్నప్పటి నుంచీ నూరిపోస్తారు. అందుకే మనం మన అవసరాన్ని అవసరంగా చెప్పుకోలేం. పిల్లల పేరు మీదో, ఆదర్శాల పేరు మీదో చెబుతాం. నేను చెయ్యాల్సింది రెండు విషయాల్నీ విడదీసి, రెండింటినీ విడివిడిగా బల్ల మీద పెట్టడం. అదే చేశాను. "ఒకటి, రోజుకి మూడు గంటల ప్రయాణం నా వల్ల కాదు. నా దూరం నీ దూరంతో సమానం, 15 కాదు. రెండోది వేరే సంగతి. ఆ ఇల్లు మనకి మన అర్హత వల్ల రాలేదు. నేను ఒక ప్రశ్నకి జవాబు చెప్పడం వల్ల వచ్చింది" అన్నాను. మొదటిదానికి అతను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత పట్టిక తెరిచి 15ని తనే మార్చాడు. రెండోదానికి మాత్రం, "ఉపయోగం ఏమిటో నాకింకా అర్థం కాలేదు" అన్నాడు.

ఆ ఉపయోగమేమిటో నాకు చెప్పింది నా సహోద్యోగే. ఇల్లు వదులుకుంటున్నామని చెబితే ఆమె సంతోషిస్తుందని ఎక్కడో ఆశపడ్డట్టున్నాను. ఆమె కొంచెం విసుక్కుంది. "నువ్వు వదిలేస్తే నాకు ఇల్లు రాదు. నీ త్యాగం నేను మొయ్యలేను కూడా. కానీ ఆయన అడిగినప్పుడు నువ్వు జవాబు చెప్పకపోయుంటే బాగుండేది. ఆ ప్రశ్నకి జవాబు రానివాళ్ళం మేమొక్కళ్ళమే కాకుండా ఉండేవాళ్ళం" అంది.

ఇన్నాళ్ళూ నేను నైతిక ప్రశ్న అంతా చివర్లో ఉందనుకున్నాను. దొరికినదాన్ని ఉంచుకోవాలా, వదిలేయాలా అని. కానీ అది మొదట్లోనే ఉంది, కాఫీ కప్పు చేతిలో ఉన్నప్పుడు. ఉపయోగం ఉందా లేదా అని లెక్కవేసే ముందే, ఆ లెక్క ఎలాంటిదో అడగాల్సిన చోటు అది. "మంచి ఏరియా" అని మనం రోజూ అనే మాటలో మంచి అంటే ఏమిటి? నీళ్ళు, రోడ్లు, చెట్లు, బడి... ఇవి నిజంగా మంచివే. వీటిని కోరుకోవడంలో తప్పులేదు. కానీ ఆ మాటలో ఇంకో అర్థం కలిసిపోయి ఉంది. ఎవరు లేరో ఆ లేకపోవడం కూడా అక్కడ ఒక సౌకర్యం కింద లెక్క. ఈత కొలనులాగా దానికీ అద్దె కడతాం. ఆ ఇంటి అద్దెలో ఎంత చెరువు కోసమో, ఎంత నా సహోద్యోగి లేకపోవడం కోసమో ఎవరూ విడదీసి చెప్పరు.

ఆ తర్వాత చూసిన ఇళ్ళలో ఆ ప్రశ్నకి జవాబు చెప్పలేదు. "అది చెప్పడం మాకిష్టం లేదండీ" అన్నాం. మొదటిసారి నేనన్నాను. రెండోసారి అతనే అన్నాడు. కొండాపూర్‌లో ఒక ఇల్లు, మియాపూర్‌లో ఒక ఇల్లు అలా పోయాయి. ఇల్లు పోవడం అంటే ఏమిటో మాకు కాస్త రుచి తెలిసింది. కాస్తే. ఎందుకంటే ఎప్పుడైనా నోరు విప్పి చెబితే తలుపు తెరుచుకుంటుందని మాకు తెలుసు. నా సహోద్యోగికి ఆ వీలు లేదు. దీన్ని పోరాటం అని పిలిస్తే నాకే నవ్వొస్తుంది.

చివరికి సంజీవరెడ్డి నగర్‌లో పాత మూడంతస్తుల ఇంట్లో పై వాటా దొరికింది. లిఫ్టు లేదు. ఈత కొలను సరే, కారు పెట్టుకోవడానికే చోటు లేదు. ఓనరు ఒంటరిగా ఉంటున్న పెద్దావిడ. "మంజీరా నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి, పైకి సన్నగా ఎక్కుతాయి, ఫరవాలేదా?" అని మాత్రం అడిగింది. 2019 నవంబరులో మెట్రో రాయదుర్గం దాకా వచ్చింది కాబట్టి అతనికి అమీర్‌పేటలో మారితే చాలు. నేను మారకుండానే కోఠీ వెళతాను. ఇద్దరికీ ఇంచుమించు ఒకటే సమయం. పాప బడి నడక దూరంలో ఉంది. అది పట్టికలో మూడో స్థానంలో ఉన్న బడి. పాపకి ఆ సంగతి తెలీదు.

ఈ మొత్తంలో పట్టికలోకి అసలు ఎక్కని మనిషి ఒకరున్నారు. విద్యానగర్‌లో మా ఇంట్లో అయిదేళ్ళు పనిచేసిన అక్క. ఆమెకి నగరం అవతల ప్రభుత్వం కట్టిన డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు వచ్చింది. అలాంటి ఇళ్ళు పెద్ద ఎత్తున కట్టారు. కొల్లూరులో 2023 జూన్‌లో ప్రారంభించిన కాలనీ ఒక్కదాంట్లోనే 15,660 ఇళ్ళున్నాయి. అక్క జీవితంలో మొదటిసారి సొంత ఇల్లు, సొంత బాత్‌రూమ్, తన పేరు మీద కాగితం. అది చిన్న విషయం కాదు. దూరంగా కూర్చుని దాన్ని తక్కువచేసి మాట్లాడే హక్కు నాకు లేదు. కానీ ఆమె పని చేసే ఇళ్ళన్నీ విద్యానగర్‌లోనే ఉన్నాయి. రెండు బస్సులు మారి వస్తుంది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకి బస్సు ప్రయాణం ఉచితం కాబట్టి చేతిలో జీరో టికెట్ ఉంటుంది. ఆ టికెట్ మీద డబ్బు జీరో అయింది కానీ గంటలు జీరో కాలేదు. పొద్దున ఆరింటికి మా ఇంట్లో ఉండాలంటే ఆమె ఎన్నింటికి లేస్తుందో అయిదేళ్ళలో ఒక్కసారి కూడా నేను అడగలేదు. నా గంటన్నర కోసం ఇంత తర్కం చేసినదాన్ని!

ఖాళీ చేస్తున్నామని చెప్పినప్పుడు, "మీరు గూడ పోతున్నరా మేడమ్? రెండిండ్లు పాయె ఈ యేడు" అంది. ఇంటికి ఏ ఏరియా బాగుంటుందని మూడు నెలలు చర్చించాం. మేం వెళ్ళిపోతే ఆమెకి ఒక ఇల్లు పోతుందన్నది ఏ గడిలోనూ రాలేదు. మూడు నెలల జీతం ఇచ్చాను. ఆమె తీసుకుంది. దాంతో లెక్క సరిపోయిందని మేమిద్దరం అనుకోలేదు.

సామాను లారీ ఎక్కిన రోజు వెళ్ళబోతూ, "అక్కడ పనికి ఎవరన్న దొరికిన్రా?" అని అడిగింది. ఇంకా లేదన్నాను. "ఎవరైనా సరే, ఏడనుంచి వస్తున్నవమ్మా అని ముందుగాల అడుగుండ్రి. దూరం నుంచి వచ్చేదైతే ఆరింటికి రమ్మనకుండ్రి" అంది.

అడిగాను. ఇప్పుడు మా ఇంట్లో చేస్తున్నామె బోరబండ నుంచి వస్తుంది. పిల్లల్ని బడికి పంపి వస్తానంది. ఎనిమిదిన్నరకి వస్తోంది. అంతకుముందు ఉండే పొద్దుటి గిన్నెలూ టిఫినూ మేమిద్దరం సగం సగం చేసుకోవాలనుకున్నాం. వారంలో నాలుగు రోజులు నేనే చేస్తున్నానని మొన్న లెక్కపెడితే తేలింది. అతన్ని పిలిచి ఆ లెక్క చూపించాలి.